లోపలివైపు గుత్తులు

నోరెత్తకు, డావిడ్. "సొంత అక్కవై ఉండీ కోతనాడు నా సాళ్ళలోకి బుట్ట పట్టుకుని రాలేదేం" అని నన్ను అడగడానికి నీకు సిగ్గు లేదూ? టోపీ తీసి అలా కూర్చో. ఇవాళ నేను చెబుతాను, నువ్వు విను.

మన తోట సంగతి నీకు తెలియనిదా? ఎదురుగా సముద్రం. మధ్యాహ్నం దాకా పొగమంచు. భూమికి ఈ దక్షిణపు కొసన గ్రెనాష్ ద్రాక్ష పండాలంటే నడి వేసవిలో, జనవరిలోనే ప్రతి తీగకీ సగం గుత్తులు కోసి నేలమీద పారెయ్యాలి. అప్పుడే మిగతా సగానికి రంగు తిరిగేది, తీపి ఎక్కేది. ఎవరి సాళ్ళు వాళ్ళే కోసుకోవాలి. వెనక నిలబడి చూసేవాళ్ళు ఉండరు. సగం కోసేస్తామని చర్చి మెట్లమీద మాట ఇస్తాం, అంతే. పంట కోత మాత్రం అందరం కలిసి, అందరి సాళ్ళలోనూ.

పోయినేడు, ఊళ్ళో అందరికంటే పెద్దది, కాట్రీనా అవ్వ కోయలేదూ? గుత్తి రాలినప్పుడల్లా "కోపం తెచ్చుకోకే తల్లీ" అని తీగతో అంటూనే కోసింది. నేనూ కోశాను. మరి నువ్వు?

బాట వైపు కోశావు. పచ్చి గుత్తులు అందరికీ కనిపించేలా నేలంతా పరిచిపెట్టావు. లోపలివైపు ఒక్క గుత్తి ముట్టుకుంటే ఒట్టు!

ఏమిటీ? దేవుడిచ్చింది నేలపాలు చెయ్యడానికి చెయ్యి రాలేదా? ఓహో, ఇప్పుడు దేవుడి మీదికి నెట్టావూ! బుట్టల లెక్కన వైన్ సీసాలు పంచుతామన్న సంగతి మాత్రం నీకు గుర్తే లేదు, పాపం.

కోతనాడు మీ బావ నీ గుత్తులు చూసి, "ఏమోయ్, నీ ద్రాక్షకి జ్వరం వచ్చిందా, ఇలా పాలిపోయింది?" అని నవ్వాడు. "చివరి సాళ్ళు కదా బావా, మంచు ఎక్కువ పట్టింది" అన్నావు. కళ్ళార్పకుండా అన్నావు! నమ్మాం. అందరి పంటతో కలిపి తొట్టిలో పోశాం. ఊరంతటికీ ఉన్నది ఆ తొట్టి ఒక్కటేగా.

తొలి రుచి కాట్రీనా అవ్వకే ఇచ్చాం. పుల్లగా, నీళ్ళలా ఉంది. పెదవులకి ఆనించి, గ్లాసు మెల్లగా బల్లమీద పెట్టేసింది. తన ఊరి వైన్ తాగి పోవాలని కూర్చున్న మనిషి! ఆ చలికాలం దాటలేదు.

ఆకులు రాలాక కొమ్మలు కత్తిరించడానికి వెళ్ళి మీ బావ చూశాడు. అందరి తీగల కిందా ఎండిన గుత్తులున్నాయి. నీ లోపలివైపు వట్టి మట్టి.

ఎవరైనా తిట్టారా నిన్ను? లేదు. తిట్టి ఉంటే బాగుండేదని నీకిప్పుడు తెలిసి ఉంటుంది.

ఈ ఏడు నిజంగానే కోశావు, చూశాను. రెండు వైపులా కోశావు. ఏం పండాయిరా! పొద్దుటెండ పడితే మాణిక్యాల్లా ఉన్నాయి. కోతనాడు ఊళ్ళోవాళ్ళ బుట్టలన్నీ నీ సాలు మొదటిదాకా వచ్చి, పక్క సాల్లోకి తిరిగిపోయాయి. నా బుట్ట కూడా. ఒక గుత్తి దాకా చెయ్యి చాచాను. అయినా తిరిగాను.

నువ్వొక్కడివే కోసి మోసుకొచ్చిన బుట్టలు తొట్టి ఉన్న కొట్టం గుమ్మంలోనే ఉన్నాయి. తొట్టికి మూత పడిపోయింది. ఏం చెయ్యమంటావు, నన్ను తియ్యమంటావా?

అదిగో, వాన మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక నువ్వు పండించిన మంచి పంట అదొక్కటే, డావిడ్. సగం గుమ్మంలో ఈగలకి, సగం తీగమీద పిట్టలకి.