నీ సగం, నా సగం

బాస్కెట్‌బాల్ ఆట ముగిశాక రిఫరీల గదిలో బావా బావమరుదులిద్దరూ బూట్లయినా విప్పకుండా కూర్చున్నారు. మధ్యలో బల్లమీద ఖాళీ రిపోర్టు ఉంది.

“ఆ పిల్ల మోకాలు?”

“ఆసుపత్రికి తీసుకెళ్లారు బావా. ఈ ఏడు ఇక ఆడే వీల్లేదట.”

“ఆ పిల్లని తోసింది ఎవరి సగంలో?”

“నా సగంలోనే. బంతి మీ వైపుంది.”

“బంతి నా వైపుంటే, అది ఉన్నవాళ్లని నేను చూడాలి, లేనివాళ్లని నువ్వు చూడాలి. పదేళ్లుగా మన లెక్క ఇదేగా. నీకు కనబడలేదా?”

“లేదు.”

“మరి దిక్కులు చూస్తున్నావా?”

“బంతిని చూస్తున్నాను.”

“నా వాటా నీకెందుకు?”

“పోయిన నెల ఒకడు మీ కళ్లముందే బయటి గీత తొక్కాడు. మీరు విజిల్ వేయలేదు. అప్పట్నుంచీ మీ వైపు కూడా నేనే కాస్తున్నాను.”

“తెలుసు.”

“తెలుసా?”

“నా ఎడమ కన్ను సరిగా కనబడని సంగతి మీ అక్కకీ తెలుసు. నువ్వు కాస్తున్నావు కదా అని నోరెత్తలేదు. నా విజిల్ నాకు దక్కింది, ఆ పిల్ల మోకాలు పోయింది. బేరం బాగానే కుదిరింది.”

“తప్పు నాదని రాసేస్తాను బావా.”

“నాది నువ్వు మోసింది చాలు. నా కన్ను సంగతి రాయి. ఇక కోర్టులోకి దిగనని కూడా రాయి. సంతకం పెడతాను.”

బావమరిది రాసి, కలం అందించాడు.

“గీత ఎక్కడ?”

“ఇంకాస్త ఎడమకి, బావా.”