వదులు గుండీ

ఎందుకు కుట్టారండీ? మిమ్మల్నే అడుగుతున్నా. ఈ గుండీ ఎందుకు కుట్టారు?

నేను కూరగాయలకని వెళ్ళి ఎంతసేపయిందని? ఇంతలోనే ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు రావడం, చొక్కా కుర్చీ మీద పడేయడం, మీరు చేతి కట్టు విప్పి, సూది తీసి... అబ్బ! కూర్చోనివ్వండి కాస్త.

ఏమన్నాడు? "ఇటుగా పోతున్నా, గుండీ వదులైంది, సాయంత్రం వచ్చి తీసుకుంటా" అన్నాడా? మెడకి చెయ్యి వేలాడేసుకుని కూర్చున్న టైలర్‌కా ఇచ్చేది చొక్కా? సెంటర్‌లో మరో టైలర్ కరువయ్యాడా వాడికి?

జాలిపడి ఇచ్చాడా! భలేవారే. ఈ చొక్కా చూడండి. మడత కూడా నలగలేదు, ఒక్కసారీ తొడిగింది కాదు. తొడగని చొక్కాకి గుండీ ఎలా వదులవుతుందండీ? మీరు తెంపి పారేసిన పాతదారం చూశారా? చివర ఎంత నున్నగా ఉందో. అరిగిన దారమైతే పీచులు లేస్తుంది. దీన్ని బ్లేడుతో సగం కోసి తెచ్చాడు.

వాడు మనం కేసు వేసిన బస్సు కంపెనీ మనిషి. ఇంకెవడు?

మీ సంగతి కనుక్కునే వచ్చాడు. మీ ముందు గుండీ వేలాడుతుంటే మీకు అన్నం సహించదని ఎవడో చెప్పే ఉంటాడు. మన పెళ్ళిచూపుల్లో మీరు నా మొహం చూశారా? మా నాన్న జేబు కుట్టు ఊడిందని దాన్నే చూస్తూ కూర్చున్నారు. మా వదిన ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, నిజమే.

అది కాదండీ. మీ చెయ్యి కదిలిందని నాకు సంతోషం లేదనుకుంటున్నారా? గుమ్మంలోకి రాగానే మీరు చొక్కా ఎత్తి, చిన్నపిల్లాడిలా "చూడవే!" అన్నారు. ఏ పెళ్ళామైనా ఎగిరి గంతెయ్యాలి. నాకు గుండె గుభేలుమంది. ఛీ, ఏం బతుకండీ మనది!

రేపు విచారణ. ప్లీడరుగారు ఎన్నిసార్లు చెప్పారు! "తీర్పు వచ్చేదాకా ఆ చెయ్యి ఈగని తోలడానికి కూడా లేవకూడదమ్మా" అని. మన నష్టపరిహారం కేసంతా ఒక్కమాట మీద నిలబడింది కదా, శాశ్వతంగా అన్న మాట. ఇక శాశ్వతంగా పనికిరాదని రాశాం. శాశ్వతంగా పోయిన చెయ్యి గుండీలు కుడుతుందా?

అబద్ధం రాశాం అంటారా? అయితే ఏది నిజమండీ? బస్సు తలుపు మీ చెయ్యి పట్టేసింది నిజం కాదా? డ్రైవరు అద్దంలోకి చూడకుండా బస్సు లాగించేసింది నిజం కాదా? జనం గోలపెట్టి బస్సు బాదేదాకా మిమ్మల్ని ఈడ్చుకుపోలేదూ? దానికి వాళ్ళేమన్నారు? కదిలే బస్సు ఎక్కబోయాడట. తప్పంతా మీదేనట! అంత అబద్ధం వాళ్ళకి చెల్లుతుంది, ఇంత అబద్ధం మనకి చెల్లదూ?

పోనీ, గుండీ కుట్టారు సరే. కత్తెర పట్టగలరా? కోటు గుడ్డ బల్ల మీద పరిచి ఒక్క ఊపున కోయగలరా? కోయలేరు. నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఒక్క గుండీతో ఇల్లు గడవదు. కానీ వాళ్ళకి ఆ ఒక్క గుండీ చాలు. రేపు ఈ చొక్కా జడ్జిగారి ముందు పెడతారు. కేసు పోతుంది. షాపు ఇప్పటికే పోయింది, మిషన్ అమ్మేశాం. ఇక కదలిక వచ్చిన ఆ చేత్తో ఎవరింట్లో కుడతారు?

కత్తెర ఇలా ఇవ్వండి... ఆ చేత్తో కాదు! రామరామ, ఇదిగో, మళ్ళీ అదే చెయ్యి!

వదలండి, తెంపేస్తాను. ఎంత గట్టిగా కుట్టారండీ! అడుగున నాలుగు చుట్లు చుట్టి మరీ బిగించారు. బాగున్న రోజుల్లో కూడా ఇంత ముచ్చటగా కుట్టలేదు. బంగారంలా ఉంది. తెంపుతుంటే నా ప్రాణం పోతోంది.

అయిపోయింది. గుండీ వాడి చొక్కా జేబులోనే వేస్తున్నా. "ఆయనకి చేతకాదు బాబూ, పట్టుకెళ్ళు" అంటాను. మీరు నోరెత్తకండి.

కానీ వాడు ఊరికే పోతాడా? వెళ్తూ వెళ్తూ షేక్‌హ్యాండ్ అంటూ చెయ్యి చాపుతాడు. మీరు అలవాటుకొద్దీ... ఇవ్వనంటారా? సరే, ఇదిగో ఈ దారం రీలు...

పట్టేశారు.

చూశారా? గాల్లో ఉండగానే పట్టేశారు. అదే కుడిచేత్తో. నవ్వకండి, మీకు పుణ్యముంటుంది! మీరలా నవ్వితే నాకు ఏడుపొస్తోంది.

ఏమండీ... ఒకమాట చెబుతాను, తిట్టండి, కొట్టండి. ఆమధ్య ఆస్పత్రిలో మీరు బయట చొక్కా తొడుక్కుంటుంటే డాక్టరమ్మ నన్ను ఆపింది. ఇక కట్టు తీసేయమంది. పొద్దుటా సాయంత్రం స్పాంజి పిసికిస్తే కత్తెర కూడా పడతారు, ఇప్పుడు వదిలేస్తే మాత్రం వేళ్ళు బిగుసుకుపోతాయి, మళ్ళీ రావు అంది. మీకేం చెప్పాను? అసలు కదపకూడదందని చెప్పాను.

ఆవిడ ఇచ్చిన స్పాంజి ఇంట్లోనే ఉంది. అంట్లు తోముతున్నది దాంతోనే.

అలా చూడకండి నా వైపు. తీర్పు రాగానే విప్పేద్దామనుకున్నా. ఒట్టు. కేసు వాయిదా మీద వాయిదా పడింది, నేనేం చెయ్యను? స్నానమయ్యాక కట్టు కట్టేటప్పుడల్లా రోజుకింత బిగించాను. బిగుతుగా ఉందే అన్నారు మీరు. గమనించారు. అయినా చెయ్యి నాకే ఇచ్చారు.

ష్... కిటికీ దగ్గరికి వెళ్ళకండి. ఎదుట మందులషాపు మెట్ల మీద నిలబడ్డవాడే కదూ చొక్కా ఇచ్చింది? ఎప్పణ్ణుంచి ఉన్నాడో! తల ఎత్తి ఇటే చూస్తున్నాడు. దారం రీలు పట్టడం కూడా చూశాడేమో. చేతిలో అది ఫోనేనా?

రోడ్డు దాటాడు. వస్తున్నాడు.

రండి, మంచం మీద కూర్చోండి. చెయ్యి ఇలా ఇవ్వండి, త్వరగా. వేళ్ళు ముడవండి. ఇంకో చుట్టు... ఇంకొకటి. మెట్ల మీద చప్పుడు వినిపిస్తోందా? తొందరేం లేదు వాడికి, నింపాదిగా ఎక్కుతున్నాడు.

తిమ్మిరెక్కుతోందా? ఎక్కనీండి. వేళ్ళు నల్లబడుతున్నాయి, తెలుస్తోంది. చెయ్యి లాక్కోకండి, మీకు దణ్ణం పెడతా.

నొప్పిగా ఉందా? నిజంగా నొప్పిగా ఉందా?

హమ్మయ్య. అయితే ఇక మనం అబద్ధం చెప్పడం లేదు.

ఆఁ... వస్తున్నా బాబూ! తలుపు తీసే ఉంది.