గబ్బిలాల పిల్లలకు గడువు కోరిన మన మేడమ్ గారు

1991వ సంవత్సరం జూన్ నెల 17వ తేదీ, సోమవారం ఉదయం మన ప్రకృతి విద్యాకేంద్రంలో సహాయ విద్యాధికారిణిగా అడుగుపెట్టి, ఈ నెలాఖరున ప్రధాన విద్యాధికారిణి హోదాలో పదవీ విరమణ చేయనున్న వారిని సహోద్యోగులమందరం మేడమ్ గారని పిలుచుకుంటాం, ఊళ్లోని పిల్లలు గబ్బిలాల అత్తయ్య అంటారు. వారి సేవలను స్మరిస్తూ నాలుగు మాటలు రాసే భాగ్యం ఈ కేంద్రంలో బోర్డుల మీద బొమ్మలు వేసే నాకు దక్కింది. మాటలకన్నా కుంచెతోనే నాకు చనువెక్కువ గనుక, లోపాలుంటే పాఠకులు పెద్దమనసుతో సర్దుకోవాలని మనవి.

వారు చేరేనాటికి మన కేంద్రమంటే చిత్తడినేల అంచున మూడు గదులు, వరుసగా అద్దాల బీరువాలు, ప్రతి బీరువాకూ ఒక తాళం, ప్రతి తాళం పక్కనా “ముట్టుకోరాదు” అన్న హెచ్చరిక. బడిపిల్లలు చేతులు కట్టుకొని ఒక గుమ్మంలో ప్రవేశించి మరో గుమ్మంలో నిష్క్రమించేవారట. ఆ నిశ్శబ్దాన్నే క్రమశిక్షణగా భావించి అందరూ సంతోషిస్తున్న కాలంలో, మేడమ్ గారు నడి గదిలో ఒక బల్ల వేయించి, రాలిన ఈకలూ పాము కుబుసాలూ పక్షులు వదిలేసిన గూళ్లూ దానిమీద పరిచి, ముట్టుకొని చూడమని పిల్లల చేతికిచ్చారు. అప్పటి సంచాలకులు కంగారుపడ్డారు.

“ఇవి పోతే ఎవరమ్మా జవాబుదారీ?”

“నేనే సార్. ఈక పోతే ఇంకోటి ఏరుకొస్తాను. పిల్లలకి సరదా పోతే ఎక్కణ్నుంచి తేను?”

మరుసటి వారం ఆ సంచాలకులే తమ పెరట్లో దొరికిన పిట్టగూడొకటి జేబురుమాలులో చుట్టి తెచ్చి, ఎవరూ చూడకుండా ఆ బల్లమీద పెట్టి వెళ్లారు.

అనంతరకాలంలో విద్యాధికారిణిగా పదోన్నతి పొందిన మేడమ్ గారు పాఠాన్ని గది దాటించారు. అడవి చూడాలంటే బస్సెక్కి పోవాలనుకునే పిల్లలను వారి బడి ప్రహరీగోడ దగ్గరే కూర్చోబెట్టి, పగుళ్లలోని సాలీళ్లను, నాచుమీది నత్తలను, తూములో కాపురమున్న కప్పను పరిచయం చేశారు. నేను ఉద్యోగంలో చేరింది ఆ రోజుల్లోనే. నా తొలి బొమ్మ గబ్బిలం. కోరలు, ఎర్రటి కళ్లు పెట్టి ఎంతో శ్రద్ధగా వేసి చూపించాను. మేడమ్ గారు కాసేపు తేరిపార చూశారు.

“బానే వేశావు తమ్ముడూ. కానీ పాపం, దీనికి మొహం అప్పుగా ఎక్కణ్నుంచి తెచ్చావు? ఓసారి నిజందాన్ని చూసొద్దాం పద.”

చూసొచ్చాక ఆ బొమ్మ చెరిపి మళ్లీ వేశాను.

వారి ఉద్యోగ జీవితానికి మకుటాయమానమైన ఘట్టం బట్టల బజారుది. ఆ పాత బజారు కప్పుకింద చిన్న గబ్బిలాలు వందలాదిగా చేరి, వానలకు ముందు పిల్లల్ని పెట్టాయి. రెట్టలు పడి తానులకు తానులు పాడవుతున్నాయని వ్యాపారులు గగ్గోలు పెట్టారు. కప్పు కన్నాలన్నీ ఆ వారమే సిమెంటుతో మూసేయాలని తీర్మానించారు. అదే జరిగితే బయటికెళ్లిన తల్లులు బయటే, ఎగరలేని పిల్లలు లోపలే ఉండిపోతాయి. విషయం తెలిసిన వెంటనే మేడమ్ గారు వ్యాపారుల సమావేశానికి వెళ్లారు. వారి శ్రీవారు, నేను వెంట ఉన్నాం.

సంఘం అధ్యక్షుడైన పెద్దాయన మండిపడ్డారు. “మీరు జీతం తీసుకుని కబుర్లు చెప్తారమ్మా. పాడైన బట్ట మీరు కడతారా? పైగా అవి నెత్తిమీద తిరుగుతుంటే ఆడవాళ్లు భయపడి దుకాణం గుమ్మం ఎక్కట్లేదు!”

“మీ నష్టం నిజమేనండీ, కాదనను,” అన్నారు మేడమ్ గారు. “భయం కూడా తప్పు కాదు. నాకు మాత్రం లేదా? బల్లిని చూస్తే కుర్చీ ఎక్కేస్తాను.”

వెనక వరుసనుంచి వారి శ్రీవారు లేచి నిలబడ్డారు. “నేను సాక్షినండీ. పాము ఎదురైతే పలకరించి వచ్చే మనిషి, వంటింట్లో బల్లి కనిపిస్తే ఇల్లు ఎగిరిపోయేలా నన్ను కేకేస్తుంది. చంపొద్దంటుంది, దెబ్బ తగలనివ్వొద్దంటుంది, కానీ తన కంటికి మాత్రం కనిపించకూడదట! నేనేమో గిన్నె, అట్టముక్క పట్టుకుని గోడలెంట తిరగాలి.”

నవ్వులతో పైకప్పు అదిరింది. అధ్యక్షుడు కూడా మీసాల చాటున నవ్వారు. ఆ నవ్వు సద్దుమణగకముందే మేడమ్ గారు తమ కోరిక విన్నవించారు: పిల్లలు రెక్కలొచ్చి ఎగిరేదాకా గడువివ్వండి, అందాకా మీ తానులకు మచ్చ పడకుండా చూసే పూచీ మాది, ఆ తరువాత కన్నాలు మూసే రోజున నేనే వచ్చి దగ్గరుంటాను.

మరునాడే మా సిబ్బంది అందరం ముక్కులకు గుడ్డలు కట్టుకొని, నిచ్చెనలెక్కి, కప్పుకింద టార్పాలిన్లు బిగించాం. ప్రతి సాయంత్రం మేడమ్ గారు దుకాణదారుల కుటుంబాలను వీధి అవతలి అరుగు మీద కూర్చోబెట్టి, గబ్బిలాలు వేటకు బయలుదేరే దృశ్యం చూపించేవారు. మొదట ముగ్గురో నలుగురో వచ్చేవారు. పోనుపోను అరుగు చాలలేదు. అధ్యక్షుల వారి మనవరాలైతే తాతను చెయ్యి పట్టి లాక్కొచ్చేది.

గడువు తీరింది. పిల్లలన్నీ ఎగిరిపోయాయని నిర్ధారించుకొని, మాట ఇచ్చిన ప్రకారం మేడమ్ గారు మేస్త్రీ పక్కన నిలబడ్డారు. కన్నాలు ఒక్కొక్కటే మూసుకుపోతుంటే వారి కళ్లు చెమర్చడం నేను చూశాను. తూర్పు కొసకు వచ్చేసరికి అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

“మేస్త్రీ, ఆ కొసన వదిలేయ్. దానికింద ఎటూ దుకాణం లేదు. సాయంత్రమైతే మా మనవరాలికి ఏం చూపించను?”

నేటికీ ఆ కొసనుంచి గబ్బిలాలు బయలుదేరుతూనే ఉన్నాయి. మునుపటి సంఖ్యలో సగమైనా లేవన్నది వాస్తవం. అయితే వాటిని చూడటానికి మన కేంద్రం ఇప్పుడు ఎవరినీ పిలవనక్కర్లేదు. బజారువాళ్లే పిలిచి, కుర్చీలు వేసి చూపిస్తున్నారు.

ఈ సంచిక కోసం గతవారం సామూహిక ఛాయాచిత్రానికి అందరం బారులుతీరి నిలబడ్డాం. మధ్య కుర్చీ ఖాళీ. వెతగ్గా మేడమ్ గారు, వచ్చిన బడిపిల్లలతో నీటిగుంట ఒడ్డున మోకాళ్లమీద కూర్చొని, నీళ్లలో పెరిగే తూనీగ పిల్లను చూపిస్తున్నారు. పిలవబోతే వారి శ్రీవారు నన్ను ఆపారు. “ఆగవయ్యా, ఫోటోకేం తొందర? ఆ తూనీగ మళ్లీ పైకొస్తుందో రాదో!”

ఇకముందు గంట కొట్టినా లేవనక్కరలేని తీరిక మేడమ్ గారికి సిద్ధిస్తున్నది. ఆ తీరికను నిండు నూరేళ్లూ అనుభవించేందుకు వారి మోకాళ్లకు సత్తువ, కళ్లకు వెలుగు, మనసుకు ఉల్లాసం తరగకుండా ఉండాలనీ, ఇంటిల్లిపాదితో కలిసి ప్రతి సాయంత్రం తలెత్తి ఆకాశం చూసే ఆరోగ్యభాగ్యం వారికి కలకాలం కలగాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాను. ఆ ఇంటి బల్లులు మాత్రం దయచేసి వేరే వీధి చూసుకోవాలని, సహోద్యోగులందరి తరఫున సవినయంగా ప్రార్థిస్తున్నాను.