శాంతయ్య సారు రాయని పేజీ

రా అమ్మణ్ణీ, కూసో. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగతాది, ఈ బెంచీ మీద కూసో. మీ అమ్మ సెప్పింది, నువ్వు గూడా చర్చి పత్రికకు రాస్తాండావంట గదా? మంచిదే, రాయి. దేన్ని గురించి? ఏసయ్య మాదిరి బతికేది ఎట్లనా? అబ్బో, ఇంత సిన్న వయసుకే తెలిసిపోయిందా నీకు! ఊరికే అన్నాలే, మొగం ముడుసుకోవద్దు. నువ్వు ఆ మాట అంటానే నాకు శాంతయ్య సారు గుర్తుకొచ్చినాడు. నీకెట్ల తెలస్తాది, నువ్వు పుట్టకముందే పోయినాడు. పూతలపట్టు బళ్ళో అయివారు. తెల్ల పంచె, సంకలో గొడుగు, ఎండ కాసినా వాన కురిసినా ఆ గొడుగు ఇప్పింది మాత్రం నేను సూళ్ళేదు.

నేనప్పుడు చిత్తూరులో ఒక ప్రెస్సులో కంపోజింగు సేస్తాంటి. డెబ్బై ఏడో ఎనిమిదో, ఎమర్జెన్సీ అయిపోయినాక. సారు వాళ్ళ చర్చి పత్రిక నెలనెలా మా కాడే అచ్చయ్యేది. మేము సుబ్రమణ్యస్వామిని మొక్కేవాళ్ళం, నా పేరే సుబ్రమణ్యం, మాకు బైబిలు యాడ తెలుసు? అయినా సీసం అచ్చరాలు ఒక్కొక్కటే ఏరి పేర్సి పేర్సి, పౌలు ఎవురో పేతురు ఎవురో నాకు బాగా తెలిసిపోయింది. కడా పేజీ సారుది. ఆ పేజీ కోసరమే సగం మంది పత్రిక తెప్పించుకునేది. రేణిగుంట రైలు క్వార్టర్సు నుంచి, పలమనేరు నుంచి జాబులొచ్చేవి, మీ రాత సదివి ఏడ్సినామయ్యా అని. ఇంగ వాళ్ళ చర్చిలో ఒక వాడిక ఉండేది. పత్రిక వచ్చిన ఆదివారం, సదువు రానోళ్ళ కోసరం, ఆ కడా పేజీని ఒకరు లేసి గెట్టిగా సదివేవాళ్ళు. ముసిలోళ్ళు సెవులు రిక్కించి ఇనేవాళ్ళు. ఆ వాడికే ఆయప్ప కొంప ముంచింది.

ఆయప్పకు తమ్ముడొకడు ఉండె, తిరుమలయ్య. ఏం నవ్వతాండావు? కిరస్తానమోళ్ళకి తిరుమలయ్య అని పేరేందనా? వాళ్ళ తాత పెట్టిన పేరు, ఏసయ్యను నమ్ముకుంటే పేరు మార్సుకోవాల్నా ఏంది? ఆ తమ్మునికి సదువు లేదు, రెండు ఎనుములు, సేద్యానికి రవంత కయ్య. నోరు మాత్రం శానా పెద్దది. వాళ్ళమ్మ పూతలపట్టు పక్కపల్లెలో, ఈ తిరుమలయ్య ఇంట్లోనే ఉండె. ముసిలామె మంచాన పడింది. సారు వారానికొకసారి పోయి, మందులు కొనిచ్చి, ప్రార్థన సేసి వస్తాండె. ఒకసారి పలమనేరులో ప్రార్థన కూటాలు జరిగినాయి, పెద్ద పందిలి, మైకు సెట్టు, మూడు జిల్లాల జనం. ఆడ సారు రాసింది సారు నోటితోనే సదివించాలని పిలిసినారు. ఆ దినమే ముసిలామెకు ఎక్కువై, తమ్ముడు మనిసిని పంపించినాడు, అమ్మ అడగతాండాది, వెంటనే రమ్మని. సారు ఏమన్నాడంటే, 'ఇంగ రవంతసేపే, నాది సదివేసి బస్సెక్కేస్తా' అన్నాడు. సదివినాడు. జనం శానా మెచ్చుకున్నారంట. ఆ సందట్లో కడా బస్సు పోయి, మర్నాడు ఆయప్ప పూతలపట్టులో బస్సు దిగేటప్పటికి అమ్మను మట్టిలో పెట్టేసి ఉండారు.

అప్పట్నించి అన్నాదమ్ములకు మాటల్లేవు. సారు బాధేందంటే, 'పెద్దకొడుకుని, మా అమ్మ మీద పిడికెడు మన్ను గూడా పొయ్యనీలేదు గదా వాడు' అని. ప్రూఫు సూస్తా సూస్తా పెన్ను కింద పెట్టి నాతో అనేవాడు. నేను గూడా అవును సార్ తప్పే అనేవాణ్ణి. నిజంగా అట్లే అనిపించేది నాకు. ఒక నెల, కోత పండగ ముందర, సారు పేజీ తెచ్చిచ్చినాడు. సెమించేదాన్ని గురించి. ఎంత బాగా రాసినాడో! అన్నీ రాసి, కడాన, 'నాకు అన్యాయము చేసిన నా సొంత తమ్ముణ్ణి నేను మనస్ఫూర్తిగా క్షమించాను' అని పెట్టినాడు. నిజంగానే సెమించినాడు అమ్మణ్ణీ, దొంగ మాట కాదది. రాసేటప్పుడు ఏడ్సినాడంట గూడా. తమ్ముడు ఇంటే కరిగిపోతాడని ఆశ.

ఆ ఆదివారం నేనూ వాళ్ళ చర్చికి పోయినా. కోత పండగంటే వాళ్ళు పండించింది దేవునికి తెచ్చి పెడతారు, ఆరాధన అయినాక వేలం పాడతారు, మా మాదిరోళ్ళం గూడా పోయి గుమ్మడికాయో చెనిక్కాయలో పాడుకుంటాంటిమి. వాకిట్లో నిలబడుకోని ఇంటాండా. ఎవురో పిలగాడు లేసి కడా పేజీ సదివినాడు. ఆ కడా మాట రాంగానే, మొగోళ్ళ పక్క తిరుమలయ్య లేసి నిలబడినాడు. 'ఎవుర్ని సెమించినాడప్పా ఈయన? నన్నా?' అన్నాడు. అయ్యగారు, అదే వాళ్ళ పాస్టరు, కూసో కూసో అంటాండాడు. ఆయప్ప కూసుంటాడా! 'మా యమ్మ, పెద్దోడొచ్చినాడా పెద్దోడొచ్చినాడా అని అడగతానే పాయె. వస్తాండాడు మా, పూతలపట్టులో బస్సు దిగినాడు మా అని నేను అబద్దాలు సెప్తా కూసున్నా. ఆమె కండ్లు మూసేదాకా సెప్పినా. ఆ అబద్దాలకు నన్ను దేవుడు సెమించాల, ఈయన కాదు' అన్నాడు. అని ఏడ్సుకుంటా, తెచ్చిన రాగుల మూట ఆన్నే వదిలేసి ఎలబారిపోయినాడు. సారు మొగం సూడలేకపోతి నేను. సారుకు అది తెలీనే తెలీదు, వాళ్ళమ్మ కండ్లు మూసేదాకా అట్ల అడగతానే ఉండిందని.

మల్లా నెల సారు ప్రెస్సుకు వచ్చినాడు, మనిసి సగమైపోయి ఉండాడు. పేజీ ఇచ్చినాడు. నేనే తప్పు సేసినోణ్ణి, మైకు కోసరం కన్నతల్లిని వదిలేసినోణ్ణి అని, దాపరికం లేకుండా రాసినాడు. సదవతా సదవతా నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. మసి సేతుల్తోనే తుడుసుకున్నా. సారు నన్నే సూస్తాండాడు. 'బాగుండాదా సుబ్రమణ్యం?' అన్నాడు. 'శానా బాగుండాది సార్, ఇంతవరకూ రాసిందాంట్లో ఇదే గొప్ప' అన్నా. అనంగానే నా సేతిలోనిది పెరుక్కున్నాడు. 'దీనికి గూడా జాబులొస్తాయి గదప్పా. శాంతయ్య ఎంత తగ్గించుకున్నాడు, ఎంత మంచోడు అంటారు. మా తమ్మునికేమొస్తాది?' అన్నాడు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేసేసినాడు, మేము టీ కాసుకునే పొయ్యిలో. పేజీ కాళీగా ఉండాదే సార్ అంటే, వేలంపాట ఇవరం ఏదో వేసుకో పో అని బస్టాండు పక్క ఎలబారినాడు.

సంతోషమ్మ, అదే సారు పెండ్లాము, ఆయమ్మ సెప్పింది నాకు తర్వాత. మొగుడూ పెండ్లాము ఇద్దరూ పోయినారంట తిరుమలయ్య ఇంటికి. ఆయప్ప వాకిట్లోనే అడ్డం నిలబడి, 'ఇది గూడా రాస్తావా అన్నా?' అని అడిగినాడంట. సారు, 'రాయను' అన్నాడంట. 'ఎవురికైనా సెప్తావా?' 'సెప్పను.' అప్పుడు లోపలికి పిలిసి తలుపేసుకున్నాడు. ఆయమ్మ తిన్నె మీదే కూసుండిపోయింది. లోపల ఏం మాట్లాడుకున్నారో, ఎవురు ఎవురి కాళ్ళు పట్టుకున్నారో, ఆయమ్మకే తెలీదు. శానా సేపటికి ఇద్దరూ బయటికొచ్చి, ఆయమ్మతో గూడా మాట్లాడకుండా వాళ్ళమ్మను పెట్టిన సోటికి పోయినారంట.

ఇంగ సూడు జనాన్ని. అన్నాదమ్ములు కలిసి తిరగతాంటే, ఎట్ల కలిసినారో తెలస్తే గదా నిద్రపట్టేది! అయ్యగారు వచ్చి, 'శాంతయ్యా, గొడవ అందురూ ఇనిరి, సమాధానం గూడా రాయి, నలుగురికి మేలు' అన్నాడు. రాయలా. రాయకపోయేటప్పటికి పుట్టించినారు, తల్లి వాటా కయ్యను తమ్ముని పేర రాసిచ్చి నోరు మూయించినాడంట అని. జాబులు రాసినోళ్ళే, 'రాసేదొకటి సేసేదొకటి' అన్నారు. ఆ కడా పేజీ తీసి ఇంగొకరికి ఇచ్చేసినారు. ఒక్క ముక్క రాస్తే ఆ నోళ్ళన్నీ మూతపడతాయి, నేనే సెప్పినా. నాకు కోపం గూడా వచ్చింది, ఇదేం మొండితనం సార్ అని అరిసినా. 'మాటిచ్చినా గదప్పా' అన్నాడు, అంతే. అయినా నెలనెలా వచ్చి, ఆ పత్రికకే, వేరేవోళ్ళ రాతకే, ప్రూఫులు దిద్దిపెట్టి పోయేవాడు. పేరు యాడా లేదు.

ఎనభై మూడులో సారు పోయినాడు. తిరుమలయ్యను ఎంటబెట్టుకోని అయ్యగారే ప్రెస్సుకు వచ్చినాడు, పత్రికలో మరణవార్త వెయ్యాలని. అయ్యగారు అడిగినాడు, 'తిరుమలయ్యా, ఇప్పుడన్నా ఆ దినం జరిగింది సెప్పు, రాసి వేస్తాం, మీ అన్న మీద పడిన నింద పోతాది' అని. నేను అచ్చరాలు పేర్సే స్టిక్కు సేతిలో పట్టుకోని నిలబడుకోనుండా, ఎప్పుడు సెప్తాడా అని. ఆయప్ప తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. మల్లా నా తట్టు తిరిగి, 'వద్దులే సుబ్రమణ్యమన్నా. మా యన్న అన్ని మాటలు పడి దాసిపెట్టినాడు, నేనెందుకు ఇప్పాల? పేరు వెయ్యి. కింద, తమ్ముడు తిరుమలయ్య అని వెయ్యి. సాలు' అన్నాడు.

వేసినా. ఆ తమ్ముడు అనే మాట ఒక్కటి మాత్రం, అయ్యగార్ని అడక్కుండానే, పెద్ద అచ్చరాల్లో పేర్సినా.

...

ఏందీ? ఆ, టీనా? పెట్టమని సెప్పు మీ అవ్వకు. నాకు సక్కెర తక్కువ.