ఉదయభాస్కర్ గారి గ్వానైన్

చేపల తళుకులోంచి మెరుపు పొడి తీయడం నేర్పే శిక్షణకి కాకినాడ రేవు నుంచి ఒక్కరికే చోటిచ్చారు. ఆ ఒక్కరూ నేర్చుకొచ్చి మిగతా వాళ్ళకి నేర్పాలి. ఇరవై ఏళ్ళుగా చేపలు కోస్తున్న వీరదుర్గ వెళ్ళాలని తోటి ఆడవాళ్ళంతా అనుకున్నారు. దరఖాస్తు కాయితం మీద మత్స్యకారుల సంఘం ప్రెసిడెంటు సంతకం పెట్టించి ఐదింటికల్లా మత్స్యశాఖ ఆఫీసులో ఇవ్వాలి. ఇప్పుడు నాలుగైంది. కాయితం ప్రెసిడెంటు ఉదయభాస్కర్ గారి జేబులో ఉంది. ఐసు ఫ్యాక్టరీ యజమాని అయిన ఆయన అప్పారావు టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు నిలబడ్డారు.

"మీకెందుకమ్మా ఈ తిప్పలు, నేనే వెళ్తాను. ఆ పొడి పేరు గ్వానైన్. మీకు నోరు తిరుగుతుందా? నేనైతే ముప్పై ఏళ్ళ కిందటే పులస పొలుసులు నూరి స్కూటరుకి పూశాను. చిన్న పనే అనుకోండి. కానీ ఎండలో అది తళుక్కుమనేసరికి వంతెన మీద బస్సులన్నీ ఆగిపోయాయి, పోలీసులు నల్లద్దాలు పెట్టుకుని మరీ సెల్యూట్ కొట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఐదింటికి ఆఫీసు మూసేస్తారండి," అంది వీరదుర్గ.

"విను మరి. హైదరాబాదు నుంచి సైంటిస్టులు కార్లేసుకుని దిగారు, ఇదేంటండి అన్నారు. బాబూ, డీఎన్ఏ అని మెలితిరిగిన నిచ్చెన ఒకటుంది, దానికి నాలుగే అక్షరాలు, అందులో ఇదొకటి, సైటోసిన్‌తో జత కడుతుంది, రాసుకోండి అన్నాను. రాసుకున్నారు. దానికి 'జి' అని గుర్తు పెట్టిందీ నేనే. జి అంటే గోదావరి."

వీరదుర్గ చెల్లెలి కూతురు మీనాకుమారి ఇంటర్‌లో బైపీసీ చదువుతోంది. ఇక ఆగలేకపోయింది.

"గ్వానో నుంచి వచ్చిందండి ఆ పేరు. గ్వానో అంటే సముద్రపు పక్షుల రెట్ట. మొదట అందులోనే దొరికింది. మన డీఎన్ఏలో ఉన్నదీ, చేప ఒంటి మీద మెరిసేదీ అదే."

"అది విదేశాల వాళ్ళు కుళ్ళుతో అంటగట్టిన పేరమ్మా," అని ఆయన ఇంకో టీ చెప్పారు.

ఒకసారి తుఫాను మబ్బుకి పట్టపగలే చీకటి పడితే ఆయన గంపెడు పొలుసులు డాబా మీద ఆరబోశారట. అది చూసి ఓడలు దీపస్తంభమనుకుని వరసకట్టి ఐసు ఫ్యాక్టరీ దాకా వచ్చేశాయట. తర్వాత ఎక్కడో పెద్ద ల్యాబులో డీఎన్ఏ తయారు చేస్తుంటే మధ్యలో జి అయిపోయిందట. ఈయనే ఐసు పెట్టెలో సర్ది పంపారట. అప్పటి నుంచి ఈ జిల్లాలో పుట్టిన పిల్లలందరిలోనూ జి ఈయనదేనట.

"కన్నది కూడా మీరేనా అండి?" అంది వెనక ఆడవాళ్ళలోంచి సత్యవాణి.

నాలుగున్నర దాటింది. ఆయన చెయ్యి జేబు మీద నుంచి కదల్లేదు.

"అసలుది వినండి. మొన్న వానల్లో ఇదే రేవులో నలభై అడుగుల జెల్ల చేప పడింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, ఒక్కణ్ణే మూడు రోజులు కూర్చుని పొలుసులు గీకాను. ఒక్కోటీ పళ్ళెమంత ఉంది. ఏడు లారీలకెత్తించాను."

అప్పారావు టీ వంచుతూ ఆగిపోయాడు. పక్క బల్ల మీద పడవల వాళ్ళు గ్లాసుల్లోకి చూసుకున్నారు.

"జెల్లకి పొలుసులుండవండి," అంది వీరదుర్గ.

"పెద్దదానికి ఉంటాయి."

"ఉండవండి. ఒళ్ళంతా జిగురే. మీ ఇంట్లో చేపలు కోసేదెవరు?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "మా ఆవిడ," అన్నారు.

"అయితే ఆవిణ్ణి పంపండి. లేదంటే నన్ను పంపండి. కంచంలోకి వచ్చాకే చేపని చూసేవాళ్ళు అక్కడికెళ్ళి ఏం నేర్చుకుంటారు, మాకేం నేర్పుతారు?"

పడవల వాళ్ళు ఇక నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన కాయితం తీసి, ఎటూ చూడకుండా సంతకం గీకి బల్ల మీద పడేశారు. పైన ఖాళీలో వీరదుర్గ తన పేరు తనే రాసుకుంది. ఆటో ఎక్కాక చూస్తే కాయితం మీద ఆమె వేళ్ళు ఆనిన చోటల్లా చేప తళుకు అంటి వెండి మరకలు పడ్డాయి.

"తుడవనా పెద్దమ్మా?" అంది మీనాకుమారి.

"వద్దు. అక్కడ నీకేం తెలుసని అడిగితే అదే చూపిస్తాను."