వంగకూడని రెండు వారాలు

సవాయి దీవిలో మిట్టమధ్యాహ్నం. తప్పు చేసినవాడు క్షమాపణ కోరే అక్కడి ఆచారం ప్రకారం, ఒక ఇంటి ముందు నెత్తిన చాప కప్పుకుని ఒకడు మోకాళ్ల మీద ఉన్నాడు. ముక్కులో దూదితో ఇంకొకడు గుమ్మంలోకొచ్చాడు.

“నువ్వు క్షమించి చాప తీసేదాకా లేవనన్నా.”

“మాడి చావు! ఆ రోజు ఆటలో బంతి వదిలేసి నా మొహం పగలగుద్దావు.”

“పదేళ్లయింది కదన్నా.”

“విరిగిన ఎముక వెనక పదేళ్లూ తిత్తి పెరిగిందిరా! కంటి నరాన్ని నొక్కేసింది. ముక్కులోంచి గొట్టం దూర్చి తీశారు గానీ, లేకుంటే గుడ్డోణ్ణే.”

“అందుకే, క్షమించకుంటే నన్ను కాల్చడానికి కట్టెలూ పొయ్యి రాళ్లూ ఆచారం ప్రకారం నేనే తెచ్చా.”

“ఆ రాయితోనే నీ తల చితక్కొట్టేవాణ్ణి. రెండు వారాలు వంగొద్దన్నాడు డాక్టరు.”

“రెండు వారాలూ ఇక్కడే ఉంటా.”

“ఉంటావు, మొండి వెధవా! తల కాస్త పైకెత్తు. చాప అందట్లేదు.”