పేరు టైపు చేయని మార్పు

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు ముప్పై నాలుగు. లిఫ్టులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో ఉద్యోగం. మా చెల్లెలూ అక్కడే పనిచేస్తుంది. లిఫ్టు మెకానిక్‌గారి రెండు వేళ్లు తెగిపోయిన సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను.

కోడ్‌ను పరీక్షించే గదిలో మా ఇద్దరికీ ఒకటే కంప్యూటర్. ఆ గది తాళంచెవులు మా ఇద్దరి దగ్గరే ఉంటాయి. కోడ్‌లో ఏ మార్పు భద్రపరిచినా, చేసినవాళ్ల పేరు దాని మీద పడుతుంది. కంప్యూటర్‌ను అమర్చింది నేను కాబట్టి డిఫాల్ట్‌గా నా పేరే ఉంది. చెల్లెలు చేస్తే కమాండ్ చివర ఆప్షన్‌గా తన పేరు టైపు చేయాలి. చేస్తే ఆ పేరే చెల్లుతుంది. మరిచిపోతే నా పేరు పడుతుంది. చెల్లెలు మరిచిపోతుంది.

"నీ పేరు పడితే ఏం పోయిందక్కా, మెచ్చుకోళ్లన్నీ నీకేగా" అని నవ్వేది. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు. కోడ్‌లో ఉన్న ఆ తనిఖీని మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు ఏదో పరీక్ష కోసం తీసేశారు, తిరిగి పెట్టలేదు. ఆ మార్పు మీద నా పేరుంది. ఆ సమయానికి నేను అమ్మతో కంటి ఆసుపత్రిలో ఉన్నాను. అమ్మ కళ్లలో చుక్కలు వేశారు. నా భుజం వదలకుండా కూర్చుంది.

బుధవారం ఆ కోడ్‌ను లిఫ్టులోకి ఎక్కించారు, మార్పు చేసినవాళ్ల పేరున్న చీటీ ఎప్పటిలాగే మెకానిక్‌గారికి అందింది. గురువారం ఉదయం ఆయన తలుపు తెరిచి లోపల చెయ్యి పెట్టారు. లిఫ్టు కదిలింది.

నిన్న అమ్మ నాతో, "చిన్నదానికి ఏడో నెల. అక్కడ ఎలాగూ నీ పేరే ఉందంటున్నావు. నేనే చేశానని చెప్పెయ్యవే" అంది. చెల్లెలు కంచం ముందు కూర్చుని తలెత్తలేదు. మా ఇంట్లో గ్లాసు పగిలినా అంతే సార్. ఎవరూ పేరు చెప్పకపోతే నా పేరే. ఒళ్లు మండింది. అయినా సరేనన్నాను.

ఈ ఉదయం మెకానిక్‌గారిని చూడటానికి వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. ఆయన నన్ను తిట్టలేదు. "మీ పేరు చూసే చెయ్యి పెట్టానమ్మా. వేరేవాళ్ల పేరుంటే ఒకసారి సరిచూసుకునేవాణ్ణి" అన్నారు.

ఆ తర్వాత అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఆ మార్పు చేసింది మా చెల్లెలు. తను మరిచిపోతుందని తెలిసీ డిఫాల్ట్‌లో నా పేరు ఉంచేసింది నేను. చెల్లెలు బయట బెంచీ మీద ఉంది. అడగండి, గట్టిగా మాత్రం అడగకండి.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్లే ఉంది, ఇందులో అబద్ధం లేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. కింద నా పేరు నేనే నా చేత్తో రాశాను.

(సంతకం)